మొదటి డర్ట్ బైక్ కొంటున్నారా? తొలకరికి ముందే చూసుకోవాల్సినవి

రోళ్లు పగిలే రోహిణి కార్తె దాటి, మృగశిరలో నాలుగు జల్లులు పడ్డాయంటే మట్టిబాటల తీరే మారిపోతుంది. మే నెలలో టైరుకి గట్టిగా పట్టిచ్చిన చెరువు గట్టు జూన్‌లో సబ్బు రాసినట్టు జారుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడ పడక తప్పదు. అది లెక్కలోదే. కాబట్టి మొదటి బండి ఎంచుకునేటప్పుడు అది ఎంత వేగంగా పోతుందన్నది పక్కన పెట్టండి. పడితే ఒక్కరే లేపగలరా, ఆగినప్పుడు కాలు అందుతుందా, విరిగిన సామాను దగ్గర్లో దొరుకుతుందా? ముందు ఈ మూడూ తేల్చుకోవాలి. సీసీ సంగతి ఆ తర్వాత.

ఒకటే పేరు, మూడు రకాల బండ్లు

మనవాళ్లు మడ్‌గార్డ్ ఎత్తుగా ఉన్న ప్రతి బండినీ డర్ట్ బైక్ అనేస్తారు. నిజానికి ఇందులో మూడు జాతులున్నాయి.

మొదటిది పోటీ బండి. కవాసకి కేఎక్స్ వరసలాంటివి. వాటికి హెడ్‌లైట్ ఉండదు, నంబర్ ప్లేటు రాదు, ఆర్టీఏలో రిజిస్ట్రేషన్ జరగదు. పెట్రోల్ బంకు దాకా నడుపుకుంటూ వెళ్లినా తప్పే. ట్రాక్ దాకా ట్రాలీ ఆటోలోనో బొలెరోలోనో కట్టి తీసుకెళ్లాలి. ఈ బండ్ల వయసును కిలోమీటర్లలో కాదు, ఇంజిన్ నడిచిన గంటల్లో లెక్కపెడతారు. పిస్టన్ మార్పు కూడా గంటల లెక్కనే వస్తుంది. పాత కేఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ అయితే 32 పాళ్ల పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్, అంటే లీటరుకి సుమారు 31 మిల్లీలీటర్లు చేత్తోనే కలపాలి. ఒక్కసారి మరిచిపోతే పిస్టన్ బోరులో, అంటే అది కదిలే సిలిండర్‌లో, పట్టేస్తుంది.

రెండోది రోడ్డు మీదా మట్టిలోనూ నడిచే బండి. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ, కవాసకి కేఎల్‌ఎక్స్ 230 ఈ కోవలోవి. ముందు 21 అంగుళాలు, వెనక 18 అంగుళాల స్పోక్ చక్రాలు, నంబర్ ప్లేటు, ఇన్సూరెన్స్ అన్నీ ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో నేర్చుకునేవాళ్లలో నూటికి తొంభై మందికి సరిపోయేది ఇదే అని మా అభిప్రాయం.

మూడోది దూరప్రయాణాల అడ్వెంచర్ బండి. హిమాలయన్ 450 మంచి బండే, లదాఖ్‌కి వెళ్లాలంటే నిక్షేపంగా వెళ్లొచ్చు. కానీ 196 కిలోలు. బురదలో నేర్చుకోవడానికి కాదు.

ఇవి కాక ఇంట్లో ఉన్న పాత ఆర్‌ఎక్స్ 100కో, స్ప్లెండర్‌కో గడ్డల టైర్లు వేసి మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. చదునైన మట్టి మైదానంలో క్లచ్, బ్యాలెన్స్ నేర్చుకోవడానికి అందులో తప్పేం లేదు, తేలికగానూ ఉంటాయి. గట్ల మీంచి దూకించడం మాత్రం వద్దు. ఆ షాక్‌ల కదలిక చాలా తక్కువ. దెబ్బ నేరుగా ఫోర్క్ పైపులకీ, చాసిస్ మెడకీ తగులుతుంది. పైపులు వంగితే కంటికి కనిపిస్తాయి, మెడ దగ్గర వెల్డింగ్ చిట్లితే కనిపించదు.

బరువు: కాగితం మీద చూసేది కాదు

ఎక్స్‌పల్స్ 200 4వీ బరువు 160 కిలోల చుట్టూ ఉంటుంది. కేఎల్‌ఎక్స్ 230 అయితే 139. హిమాలయన్‌కీ ఎక్స్‌పల్స్‌కీ తేడా 36 కిలోలే కదా అనిపిస్తుంది. కానీ అది ముప్పావు సిమెంటు బస్తా. ఒక గంట బురదలో నాలుగుసార్లు పడ్డాక ఐదోసారి లేపేటప్పుడు ఆ ముప్పావు బస్తా ఎక్కడుందో నడుముకి తెలుస్తుంది.

కొనేముందు తెలిసినవాళ్ల బండి ఒకటి అడిగి, గడ్డి మీద మెల్లగా పడుకోబెట్టి లేపి చూడండి. బండి ఆఫ్ చేసి గేరులో ఉంచండి. కుడివైపు పడి ఉంటే సైడ్ స్టాండ్ ముందే తీసి పెట్టుకోండి, లేకపోతే లేపిన ఊపుకి అవతలికి పడుతుంది. హ్యాండిల్‌ని నేల వైపు పూర్తిగా తిప్పి, సీటుకి వీపు ఆనించి కూర్చున్నట్టు వంగండి. ఒక చెయ్యి కింది గ్రిప్ మీద, ఇంకో చెయ్యి వెనక గ్రాబ్ రైల్ మీద ఉండాలి. నడుముతో కాదు, తొడలతో నెడుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయండి. ఇలా వరసగా మూడుసార్లు చేయాలి. మూడోసారికి కాళ్లు వణికితే ఆ బరువు మీకు కాదు. చేతులతో ఎత్తబోతే నడుము పట్టేస్తుంది, జాగ్రత్త.

కాలు అందడం

చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడండి. రెండు కాళ్ల మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని పైకి జరిపి, దాని పై అంచు నుంచి నేల దాకా టేపుతో కొలవండి. మీకు కావలసిన అంకె అదే. ఎక్స్‌పల్స్ 200 4వీ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, కేఎల్‌ఎక్స్ 230ది 880, ఎక్స్‌పల్స్ 200 4వీలోనే ఎత్తు ఎక్కువున్న ప్రో రకానిది 891.

ఈ అంకెలు చూసి అప్పుడే హడలిపోవద్దు. మనిషి కూర్చోగానే షాక్‌లు కొంత దిగుతాయి. మట్టి బండ్లలో మొత్తం కదలికలో సుమారు మూడో వంతు అలా దిగడం మామూలే. ప్రో వెనక షాక్ కదలిక 220 మిల్లీమీటర్లు కాబట్టి ఏడు సెంటీమీటర్ల దాకా సీటు కిందికొస్తుంది. మునివేళ్ల కింది భాగం రెండు వైపులా నేలకి ఆనితే చాలు. ఒక్క బొటనవేలే తగులుతుంటే మాత్రం కొత్తవాళ్లకి ఇబ్బంది. చదునుగా ఉన్న షోరూంలో అందిన కాలు వాలుగా ఉన్న గట్టు మీద అందదు, ఆ వైపే బండి పడుతుంది.

ఎత్తు తక్కువున్నవాళ్లు సీటు ఫోమ్ కోయించుకోవచ్చు. వెనక షాక్ లింకేజ్ మార్చి కిందికి దించే పని మాత్రం మొదటి ఏడాది పెట్టుకోకండి. బండి కడుపు నేలకి దగ్గరై ప్రతి రాయికీ తగులుతుంది. సైడ్ స్టాండ్ కూడా పొడవైపోయి బండి నిటారుగా నిలబడుతుంది.

శక్తి, బ్రేకు

ఎక్స్‌పల్స్ 200 4వీ శక్తి సుమారు 19 హార్స్‌పవర్. రోడ్డు మీద ఇది తక్కువే, మట్టిలో నేర్చుకోవడానికి చాలినంత. ఎక్కువ శక్తి ఉన్న బండితో ఏమవుతుందో చూడండి. గట్టు ఎక్కుతూ ఉండగా ముందు చక్రం రాయి మీద తుళ్లుతుంది. ఒళ్లు వెనక్కి వాలుతుంది. పడిపోకుండా గ్రిప్ గట్టిగా పట్టుకుంటారు, అలా పట్టుకోవడంలోనే మణికట్టు కిందికి దిగి రేజ్ ఇంకా పెరుగుతుంది. బండి ఇంకా ముందుకి దూకుతుంది, ఒళ్లు ఇంకా వెనక్కి పోతుంది. 450 సీసీ పోటీ బండి మీద ఇదంతా రెప్పపాటు. 200 సీసీ మీద క్లచ్ నొక్కేంత వ్యవధి దొరుకుతుంది. అందుకే మొదటి రోజు నుంచే ఒక వేలు క్లచ్ లివర్ మీద ఉంచడం అలవాటు చేసుకోవాలి.

బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ గురించి షోరూంలో తప్పక అడగండి. ఎర్ర మొరం మీద, వదులు కంకర దిగువలో ఏబీఎస్ బ్రేకుని పదే పదే వదిలేస్తుంది, బండి ఆగాల్సిన చోట ఆగదు. మట్టిలో వెనక చక్రం కాస్త పట్టేసి జారడమే మేలు. 2023లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 4వీలో రోడ్, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడు మోడ్‌లున్నాయి. ర్యాలీలో ఏబీఎస్ పూర్తిగా ఆగిపోతుంది. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మోడ్ అలాగే ఉంటుందో, రోడ్‌కి మారుతుందో డెమో బండి మీదే చూసుకోండి. తారురోడ్డు ఎక్కగానే రోడ్ మోడ్‌కి తిప్పడం మరవొద్దు.

పాతది కొంటుంటే

మొదటి బండి సెకండ్ హ్యాండ్ అయితేనే మంచిది. ఎలాగూ గీతలు పడతాయి. కాకపోతే రోడ్డు బండిని చూసినట్టు మట్టి బండిని చూడకూడదు.

మీరు వెళ్లేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి రేజ్ ఇస్తే నీలం పొగ వచ్చిందంటే రింగులో, వాల్వ్ సీళ్లో పోయినట్టు.

అన్నిటికన్నా ముఖ్యం ఎయిర్ ఫిల్టర్. డబ్బా విప్పి ఫిల్టర్ తీసి, దాని వెనక ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో తెల్ల గుడ్డ చుట్టిన వేలు పెట్టి తుడవండి. గుడ్డకి ఎర్రగా సన్నటి దుమ్ము అంటితే బేరం అక్కడితో ఆపేయండి. ఆ దుమ్ము ఆయిల్‌తో కలిసి బోరుని గరుకు కాగితంలా అరగదీస్తుంది. బయటికి ఎంత తళతళలాడినా లోపల బోరు పోయిన బండి అది.

తర్వాత చక్రం పుల్లలు, అంటే స్పోకులు. బండిని పైకి లేపి, చిన్న స్పానర్‌తో ఒక్కో పుల్ల మీద మెల్లగా తట్టుకుంటూ చక్రం తిప్పండి. బిగువుగా ఉన్నది ‘టింగ్’మంటుంది, వదులైనది ‘డబ్’మంటుంది. ఒకటి రెండు పుల్లలే వదులుగా ఉంటే బిగిస్తే సరిపోతుంది. వరసగా నాలుగైదు అలా పలికితే రిమ్ముకి గట్టి దెబ్బ తగిలిందన్నమాట. ఫోర్క్‌కి ఒక ప్లాస్టిక్ టై కట్టి, దాని కొసని రిమ్ముకి ఆనీ ఆననట్టు పెట్టి చక్రం తిప్పితే వంకర ఎంతుందో కనిపిస్తుంది. రెండు మిల్లీమీటర్లు దాటితే రిమ్ము ఖర్చు ధరలోంచి తగ్గించుకోండి.

ఫోర్క్ పైపులు శుభ్రంగా తుడిచి, ముందు బ్రేకు పట్టుకుని పదిసార్లు గట్టిగా నొక్కండి. పైపు మీద ఆయిల్ ఉంగరంలా మిగిలితే సీళ్లు పోయినట్టు. అది చిన్న ఖర్చే. ముందు చక్రం గాల్లో ఉంచి హ్యాండిల్‌ని నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు తగిలితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, మార్చాలి. వెనక చక్రం పట్టుకుని పక్కలకి ఊపితే ఆ చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్ బుష్‌ల సంగతి తెలుస్తుంది. చైన్‌ని వెనక స్ప్రాకెట్ చివరి నుంచి వేళ్లతో లాగి చూడండి. పళ్లు సగం బయటపడితే చైన్ సెట్ అయిపోయింది.

ఇంజిన్ అడుగున కాపుగా ఉండే బాష్ ప్లేటుకి సొట్టలుంటే భయం లేదు, దాని పని అదే. దాన్ని విప్పించి ఇంజిన్ అడుగు చూడండి. అక్కడ పగుళ్లు పూడ్చే ఎం-సీల్ కనిపించిందా, నమస్కారం పెట్టి వచ్చేయండి.

కాగితాల విషయంలో ఆర్‌సీ మీది ఇంజిన్, చాసిస్ నంబర్లు బండి మీది వాటితో పోల్చాలి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్టు కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ చేతికొచ్చాకే డబ్బు. పెద్ద శబ్దం సైలెన్సర్, మార్చిన భాగాలు ఉన్న బండికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. అసలు భాగాలు కూడా ఇప్పించుకోండి.

నేల, టైరు, ట్యూబు

కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడిలో వాన పడ్డ రోజు ఏ బండైనా ఒకటే. బురద టైరుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు. అందుకే మడ్‌గార్డ్ టైరుకి ఎంత దూరంలో ఉందో కొనేటప్పుడే చూడాలి. రెండు మూడు రోజులు ఆరనిచ్చి వెళ్లడమే తెలివి. వికారాబాద్ వైపు ఎర్రమట్టిలో నీరు త్వరగా ఇంకుతుంది, తొలకరిలో నేర్చుకోవడానికి అదే నయం.

మట్టిలో గాలి తగ్గించాలి. మెత్తటి నేలలో 16 నుంచి 18 పీఎస్ఐ చాలు. రాళ్లున్న చోట 20 కంటే తగ్గించకండి, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పాము కరిచినట్టు రెండు చిల్లులు పడతాయి. ఊళ్లలో పంక్చర్ షాపులో 21 అంగుళాల ట్యూబు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. ఒకటి సంచిలో ఉండాలి. అవసరమైతే వెనక 18 అంగుళాల చక్రంలోనూ అదే సర్దుకుని ఇంటికి చేరుస్తుంది.

ఒంటి మీద వేసుకునేవి

మొత్తం బడ్జెట్‌లో నాలుగో వంతు వీటికి తీసిపెట్టి, మిగిలిన దానిలో బండి చూడండి. ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ తర్వాత రెండో స్థానం బూట్లదే. మట్టిలో పడేటప్పుడు బండి కాలి మీదే పడుతుంది, చీలమండ నలుగుతుంది. పొలానికి వేసుకునే గమ్‌బూట్లు నీళ్లని ఆపుతాయి గానీ బరువుని ఆపవు. ఆ తర్వాత మోకాలి గార్డులు, గ్లవ్స్, గాగుల్స్.

పిల్లలు, అడవులు, ఇన్సూరెన్స్

మైనర్ చేతికి బండి ఇచ్చి రోడ్డెక్కిస్తే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. కేఎల్‌ఎక్స్ 110 లాంటి చిన్న బండి అయినా కంచె వేసిన సొంత స్థలంలోనే, పెద్దవాళ్లు పక్కన ఉండగానే. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో అనుమతి లేకుండా బండి తిప్పడం నేరం. మామూలు బండి ఇన్సూరెన్స్ రేసుల్లో జరిగిన నష్టానికి వర్తించదు.

మొదటి రోజు

క్లచ్, బ్రేకు లివర్ల బిగింపు బోల్టులు కొంచెం వదులు చేయండి. గట్టిగా తిప్పితే లివర్ పక్కకి కదలాలి. అప్పుడు పడినా తిరుగుతుందే తప్ప విరగదు. అయినా క్లచ్ లివర్ ఒకటి అదనంగా దగ్గరుంచుకోండి. మూడు లీటర్ల నీళ్లు, ఒక తోడు మనిషి తప్పనిసరి. ఇంటికొచ్చాక పుల్లలు మళ్లీ తట్టి చూసి, చైన్ కడిగి, ఫిల్టర్ విప్పండి. స్పాంజిదైతే కడిగి ఆరబెట్టి ఫిల్టర్ ఆయిల్ పట్టించాలి. కాగితపు ఫిల్టర్‌ని మాత్రం కడగకూడదు, దుమ్ము నిండితే కొత్తది వేయడమే.