విజయవాడకి మారుతున్నారా? పిల్లల స్కూల్ ఇలా వెతకండి

ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ రాగానే అందరం ముందు అద్దె ఇల్లు వెతుకుతాం, అడ్వాన్స్ ఇచ్చి పాలు పొంగించాక అప్పుడు పక్కింటివాళ్లని "ఇక్కడ మంచి స్కూల్ ఏదండీ" అని అడుగుతాం. విజయవాడకి వస్తుంటే మాత్రం ఈ వరస తిరగేయండి. ముందు స్కూల్, తర్వాతే ఇల్లు.

కారణం ఊరి తీరే. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, వాటికి తోడు రైల్వే లైన్లు. మ్యాప్‌లో నాలుగు కిలోమీటర్లే కనిపిస్తుంది, కానీ మధ్యలో ఒక వంతెనో బెంజ్ సర్కిలో రామవరప్పాడు రింగో తగిలిందంటే పొద్దున ఎనిమిదింటికి తల ప్రాణం తోకకొస్తుంది. భవానీపురంలో ఉండి పటమట వైపు స్కూల్‌కి పంపేవాళ్లకి ఇంకో లెక్క కూడా ఉంది. దసరాకైతే సెలవులుంటాయి గానీ, మార్గశిరంలో భవానీలు (కనకదుర్గమ్మ దీక్ష తీసుకున్న భక్తులు) దీక్ష విరమణకి వచ్చే రోజుల్లో అమ్మవారి గుడి ఉన్న ఇంద్రకీలాద్రి కొండ చుట్టుపక్కల ట్రాఫిక్ మళ్లిస్తారు, బడులు మాత్రం నడుస్తూనే ఉంటాయి. కాబట్టి రెండు మూడు స్కూళ్లు అనుకున్నాక, పనిరోజున సరిగ్గా స్కూల్ టైముకి ఆ దారిలో బండి మీద ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం వెళ్తే ఏ స్కూలైనా దగ్గరే. సింగ్ నగర్ వైపు చూసేవాళ్లు 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కూడా కనుక్కోండి, ఇంటికీ బడికీ రెండింటికీ పనికొస్తుంది.

సిలబస్, సెకండ్ లాంగ్వేజ్

స్టేట్ సిలబసా, సీబీఎస్ఈనా అని నెలల తరబడి మీనమేషాలు లెక్కపెట్టక్కర్లేదు. మళ్లీ రెండేళ్లకి వేరే రాష్ట్రానికి బదిలీ అయ్యే ఉద్యోగమైతే సీబీఎస్ఈ, ఇక్కడే స్థిరపడేవాళ్లయితే ఏదైనా పరవాలేదు. అసలు చిక్కు సెకండ్ లాంగ్వేజ్‌తో వస్తుంది. బెంగళూరులో ఐదేళ్లు కన్నడ చదివిన పిల్లని ఆరో తరగతిలో తెలుగు పద్యాల ముందు కూర్చోబెడితే, ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడే పిల్ల కూడా బిక్కమొహం వేస్తుంది. రాయడం రాని పిల్లలకి విడిగా ఎవరు చెప్తారు, ఎన్నాళ్లు చెప్తారు అని సూటిగా అడగండి.

తొమ్మిది, పది తరగతుల్లో ఉంటే ఇంకా జాగ్రత్త. సీబీఎస్ఈలో తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది, పదిలో స్కూల్ మారాలంటే బోర్డు అనుమతి కావాలి, బదిలీ కాగితాలు చూపించాలి. వీలైతే ఆ ఒక్క ఏడాదీ ఆగి రావడమే మేలు.

బోర్డు మీద రాసింది నమ్మకండి

"సీబీఎస్ఈ ప్యాటర్న్", "సీబీఎస్ఈ కరిక్యులమ్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. అంటే గుర్తింపు ఉన్నట్టు కాదు. అఫిలియేషన్ స్కూల్ పేరుకి కాదు, ఆ అడ్రస్‌కి ఇస్తారు, కాబట్టి ఒక బ్రాంచికి ఉంటే పక్క వీధి బ్రాంచికి ఉండాలనేం లేదు. నంబర్ అడిగి సీబీఎస్ఈ వెబ్‌సైట్‌లో చూడండి, ఏ తరగతి వరకు ఇచ్చారో కూడా అక్కడే తెలుస్తుంది. స్టేట్ సిలబస్ స్కూలైనా సరే 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రభుత్వ లెక్కల్లో ప్రతి బడికీ ఉండే నంబర్) చెప్పాలి. నంబర్ అడిగితే "సార్ మీటింగ్‌లో ఉన్నారండీ" అన్నారంటే మీరు బయల్దేరొచ్చు.

లోపలికి వెళ్లి ఏం చూడాలి

రిసెప్షన్‌లో ఏసీ, సోఫా, గోడ నిండా ర్యాంకుల ఫోటోలు ఉంటాయి. అవి చూడ్డానికి మీరు వెళ్లలేదు. పై అంతస్తుకి ఎక్కండి. రేకుల కప్పు కింద క్లాసులు నడుపుతున్నారేమో చూడండి, మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పదకొండింటికి ఆ గదిలో పిల్లలు ఎలా కూర్చుంటారో మీకే అర్థమవుతుంది. బాత్రూముల్లో నీళ్లొస్తున్నాయా, గ్రౌండ్ ఉందా లేక బస్సులు నిలిపే స్థలాన్నే గ్రౌండ్ అంటున్నారా?

తర్వాత మీ పిల్లాడు చేరబోయే తరగతిది ఏదైనా ఒక నోట్‌బుక్ చూపించమనండి. నాకు తెలిసి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. తప్పుగా రాసిన మాట మీద కూడా ఎర్ర సిరాతో చక్కగా టిక్ పెట్టి, కింద సంతకం, తేదీ వేసి ఉంటే, ఆ పుస్తకం ఎవరూ చదవలేదన్నమాట. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని ఊదరగొడుతుంటే ఆటల పీరియడ్ వారానికి ఎన్నో అడగండి, టైమ్‌టేబుల్ కాగితం మీద చూపించమనండి.

బస్సుకి పంపేటట్టయితే దాని నంబర్ ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది.

సాయంత్రం స్కూల్ వదిలే టైముకి గేటు దగ్గర నిలబడండి. అక్కడ ఎదురుచూసే అమ్మమ్మలు, తాతయ్యలకి మొహమాటం ఉండదు. టీచర్లు మాటిమాటికీ మారిపోతున్నారా, ఎవర్నైనా కొడుతున్నారా అన్నీ చెప్పేస్తారు. పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం నిషేధించింది, "కాస్త భయం ఉండాలి కదండీ" అనే మాటకి తలూపకండి. పనిలోపనిగా దగ్గర్లోని కార్పొరేషన్ హైస్కూల్ కూడా చూసి రండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే కేంద్రీయ విద్యాలయంలో మీకే ప్రాధాన్యం, ఒకటో తరగతికి మార్చి 31కి ఆరేళ్లు నిండాలి.

కాగితాలు, డబ్బులు

పాత స్కూల్‌లో టీసీ, స్టడీ సర్టిఫికెట్‌తో పాటు యూడైస్ ప్లస్‌లో పిల్లల రికార్డు రిలీజ్ చేయించుకుని రండి, పెన్ నంబర్ (అందులో ఒక్కో విద్యార్థికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) రాసి పెట్టుకోండి. ఇది మర్చిపోతే కొత్త స్కూల్ వాళ్లు మిమ్మల్ని, మీరు పాత స్కూల్‌ని ఫోన్లో పట్టుకోవడంతోనే సరిపోతుంది. ఆధార్‌లో, టీసీలో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. వేరే రాష్ట్రం టీసీకి కౌంటర్ సైన్ (అక్కడి విద్యాశాఖ అధికారి ధ్రువీకరణ సంతకం) కావాలేమో ఇక్కడి స్కూల్‌ని ముందే అడగండి. టీసీ ఆలస్యమైందని ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ బడి చేర్చుకోననడానికి మాత్రం లేదు.

ఫీజు ఎంతో నోటిమాటగా వద్దు. ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు అన్నీ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. డొనేషన్ అడిగితే అది చట్టవిరుద్ధం, తీసుకున్న దానికి పది రెట్ల దాకా జరిమానా ఉంది. ఎనిమిదో తరగతి వరకు చేర్చుకోవడానికి పిల్లలకి ఎంట్రన్స్ పెట్టడం కూడా కుదరదు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే ఇంత తగ్గిస్తామంటారు, ఆ మాట విని జేబు ఖాళీ చేయకండి. మొదటి ఏడాది టర్మ్ వారీగానే కట్టి ప్రతిదానికీ రసీదు తీసుకోండి, దసరా సెలవుల నాటికి పిల్లలకి కుదరట్లేదనిపిస్తే మార్చడానికి చేతిలో డబ్బు ఉంటుంది.