ఎన్‌బీఏ ప్లేయర్ ఎక్కడివాడు? కాలేజీ, క్లబ్బు, దేశం కలిసిపోకుండా రాసుకునే పద్ధతి

మన విజయనగరంలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ చూసే గుంటలు బాగానే పెరిగారు. అక్కడ సాయంత్రం మ్యాచ్ అంటే మనకి తెల్లారగట్ల నాలుగున్నరకో అయిదున్నరకో మొదలవుతాది, పడమటి తీరం మ్యాచ్‌లైతే ఎనిమిదిన్నరకి కూడా ఉంటాయి, ట్యూషన్‌కీ కాలేజీకీ మధ్యలో ఫోన్‌లో చూసేసేవాళ్ళు ఉన్నారు. ఎవడు ఎన్ని పాయింట్లు కొట్టాడో అందరికీ నోటికొచ్చు. కానీ ఫలానావాడు ఎక్కడివాడు అని అడగండి, ఒకడు కాలేజీ పేరు చెప్తాడు, ఇంకోడు దేశం పేరు చెప్తాడు, మూడోవాడు గూగుల్లో పుట్టిన ఊరు చూసి అది చెప్తాడు, ముగ్గురూ కరెక్టే, అయినా ముగ్గురూ కొట్లాడుకుంటారు. నేను గుంటలకి చిన్న చిన్న క్విజ్‌లు పెడుతుంటాను, అక్కడ ఈ తగువు మరీ ఎక్కువ, అందుకని దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నా, అదే రాస్తన్నా.

ఏటంటే, "ఎక్కడివాడు" అన్న మాటలో అయిదు ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయి. ఎక్కడ పుట్టాడు, ఎక్కడ పెరిగి ఆట నేర్చుకున్నాడు, ఎన్‌బీఏకి రాకముందు ఏ కాలేజీకి లేపోతే ఏ క్లబ్బుకి ఆడాడు, ఏ దేశం జెర్సీ వేసుకుంటాడు, డ్రాఫ్ట్‌లో (అంటే టీంలు ఏటా వంతులవారీగా కొత్త ప్లేయర్లని ఎంచుకునే కార్యక్రమంలో) ఏ సంవత్సరం ఎన్నో నంబర్‌లో ఎవరు తీసుకున్నారు. ఒక లాంగ్ నోట్‌బుక్ అడ్డంగా తిప్పి అయిదింటికీ అయిదు గడులు గీయండి, పేరుకి ఒకటి, ఇప్పుడున్న టీంకి ఒకటి, మొత్తం ఏడు. ఫోన్‌లో ఎక్సెల్ షీట్ అయినా పర్లేదు గానీ కొత్తగా మొదలెట్టేవాళ్ళకి చేత్తో రాస్తేనే గుర్తుంటాదని నా నమ్మకం.

మనకి ఈ కాలేజీ గోల ఎందుకు కొత్తగా ఉంటాదంటే మన దగ్గర ఆటగాళ్ళని ఊరితో గుర్తుపెట్టుకుంటాం. కరణం మల్లీశ్వరి అనగానే ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అంటాం, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం అంటాం, ఏ కాలేజీ అని ఎవరైనా అడిగారా? అమెరికాలో అలా కాదు, అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్‌కే పెద్ద పెద్ద స్టేడియాలు నిండిపోతాయి, మార్చిలో 68 కాలేజీల టోర్నమెంట్ మొదలైతే దేశమంతా దానిమీదే ఉంటాది. షికాగో బుల్స్ పాత వీడియోలు చూడండి, లైట్లు ఆర్పి ప్లేయర్లని పిలిచేటప్పుడు మైకులో ఆయన "ఫ్రమ్ నార్త్ కరోలినా" అని మొదలెట్టి అప్పుడు మైకేల్ జోర్డాన్ పేరు చెప్తాడు. జోర్డాన్ పుట్టింది న్యూయార్క్ బ్రూక్లిన్‌లో, పెరిగింది నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో, అక్కడ పిలిచింది మాత్రం కాలేజీ పేరుతో, 1982లో ఆ కాలేజీకి టైటిల్ తెచ్చిన షాట్ వేసింది అతనే.

ఇంక పని మొదలెడదాం. ఒకేసారి లీగ్ మొత్తం పట్టుకోకండి, 30 టీంలు, టీంకి 15 మంది, ఆపైన టూ-వే కాంట్రాక్ట్ వాళ్ళు (ఎన్‌బీఏ టీంకీ, దాని కిందుండే జీ లీగ్ టీంకీ రెండిటికీ ఆడేవాళ్ళు) ముగ్గురు దాకా ఉంటారు, మధ్యలోనే వదిలేస్తారు. మీకు నచ్చిన ఒక్క టీం తీసుకోండి. ఎన్‌బీఏ సైట్‌లో ప్లేయర్ పేజీ తెరిస్తే దేశం అని ఒక లైను, చివరగా ఎక్కడ చదివాడు లేదా ఆడాడు అని ఒక లైను, డ్రాఫ్ట్ వివరం ఒక లైను ఉంటాయి. ఆ చివరగా అన్న లైనులో స్టెఫ్ కర్రీకి డేవిడ్సన్ అని కాలేజీ పేరు, లూకా డాన్చిచ్‌కి రియల్ మాడ్రిడ్ అని క్లబ్బు పేరు, లెబ్రాన్ జేమ్స్‌కి హైస్కూల్ పేరు వస్తాది. ఒకే గడిలో మూడు రకాల సరుకు. కాబట్టి మీ బుక్కులో పేరు పక్కన చిన్నగా కా, క్ల, హై అని గుర్తు పెట్టండి, కాలేజీయో క్లబ్బో హైస్కూలో తర్వాత వెతుక్కోనక్కర్లేదు. పుట్టిన ఊరు కోసం బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ సైట్ వాడండి, అందులో కాలేజీల వారీగా, పుట్టిన చోటు వారీగా కూడా ప్లేయర్ల జాబితాలు ఉన్నాయి. దేశం జట్టు సంగతి మాత్రం ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫీబా సైట్‌లో చూడాలి, పుట్టిన దేశాన్ని బట్టి ఊహించి రాసేయకూడదు.

ఊహిస్తే ఏమవుతాదో కైరీ ఇర్వింగ్‌ని చూస్తే తెలుస్తాది. పుట్టింది ఆస్ట్రేలియా మెల్‌బోర్న్‌లో, వాళ్ళ నాన్న అక్కడ ప్రొఫెషనల్‌గా ఆడేవాడు కాబట్టి. పెరిగింది న్యూజెర్సీ, కాలేజీ డ్యూక్, దేశం తరఫున ఆడింది అమెరికాకి. దీనికి సరిగ్గా తిరగేస్తే డొమాంటాస్ సబోనిస్: పుట్టింది అమెరికాలో పోర్ట్‌లాండ్, ఎందుకంటే 1996లో వాళ్ళ నాన్న అర్విదాస్ సబోనిస్ అక్కడ ఆడుతున్నాడు, పెరిగింది స్పెయిన్‌లో మాలగా, అక్కడి యునికాహా క్లబ్బుకి ఆడాడు, ఆ తర్వాత అమెరికా వచ్చి గొంజాగా కాలేజీ, దేశం లిథువేనియా, 2016లో 11వ నంబర్‌గా ఓర్లాండో తీసుకుని అదే రోజు ఓక్లహోమా సిటీకి ఇచ్చేసింది. ఒక్క మనిషికి అయిదు గడుల్లో అయిదు వేరే పేర్లు! నేను క్విజ్‌లో కొత్తవాళ్ళకి మొదట ఇతని వరసే నింపిస్తాను. కార్ల్ ఆంథొనీ టౌన్స్ ఇంకోరకం, పుట్టి పెరిగింది న్యూజెర్సీలోనే, వాళ్ళ అమ్మగారి వైపు నుంచి డొమినికన్ రిపబ్లిక్‌కి ఆడతాడు. ఇక జోయెల్ ఎంబీడ్ కామెరూన్‌లోని యావుండేలో పుట్టాడు, కాన్సస్ కాలేజీలో ఒక్క సీజన్ ఆడాడు, ఫ్రాన్స్ పౌరసత్వమూ తీసుకున్నాడు, అమెరికా పౌరసత్వమూ తీసుకున్నాడు, చివరికి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికాకి ఆడి గోల్డ్ కొట్టాడు.

ప్యూర్టో రికో దగ్గర జాగ్రత్త. అది అమెరికా కింద ఉన్న ప్రాంతమే గానీ బాస్కెట్‌బాల్‌లో దానికి సొంత జాతీయ జట్టు ఉంది, 2004 ఏథెన్స్‌లో అమెరికానే ఓడించింది. యు.ఎస్. వర్జిన్ ఐలాండ్స్ కూడా అమెరికా ప్రాంతమే, అక్కడ పుట్టిన టిమ్ డంకన్ మాత్రం అదే ఒలింపిక్స్‌లో అమెరికాకి ఆడాడు. కాబట్టి పుట్టిన చోటు గడిలో దేశం రాసి ఊరుకోకుండా ఊరు, ప్రాంతం కూడా రాయండి.

ఇంటర్నేషనల్ ప్లేయర్, కాలేజీ ప్లేయర్ అని రెండు గుంపులు చేసేసి వీడు ఇందులో వాడు అందులో అనుకోవడం చాలామందికి అలవాటు, అది పూర్తిగా వదిలేయాలి. 2019 నుంచి 2025 దాకా వరసగా ఎమ్.వి.పీ.లు, అంటే సీజన్‌లో ఉత్తమ ప్లేయర్ అవార్డు వచ్చినవాళ్ళని తీసుకోండి: యానిస్ రెండుసార్లు, యోకిచ్ మూడుసార్లు, ఎంబీడ్ ఒకసారి, షే గిల్జస్ అలెగ్జాండర్ ఒకసారి. ఏడుసార్లూ అమెరికా బయట పుట్టినవాళ్ళకే. కానీ వీళ్ళ మూడో గడి, అంటే ఆ అయిదింట్లో కాలేజీ, క్లబ్బు రాసే గడి చూడండి, యానిస్ ఏథెన్స్‌లో ఫిలాథ్లిటికోస్ అనే రెండో డివిజన్ క్లబ్బు, యోకిచ్ సెర్బియాలో మెగా క్లబ్బు, ఎంబీడ్ కాన్సస్, కెనడావాడైన షే కెంటకీ. అంటే నలుగురిలో ఇద్దరు కాలేజీవాళ్ళే. హకీమ్ ఒలాజువాన్ కూడా లాగోస్ నుంచి వచ్చి హ్యూస్టన్ కాలేజీలో ఆడి 1984లో మొదటి నంబర్‌గా వెళ్ళాడు, ఆ డ్రాఫ్ట్‌లోనే జోర్డాన్ మూడు. కొన్ని కాలేజీలకి బయటి దేశాల వాళ్ళని తెచ్చుకోవడంలో ప్రత్యేకంగా పేరుంది, గొంజాగాకి సబోనిస్, జపాన్ రుయి హచిమురా, కెనడా కెల్లీ ఒలినిక్ వచ్చారు, కాలిఫోర్నియాలో సెయింట్ మేరీస్‌కి ఆస్ట్రేలియా నుంచి ప్యాటీ మిల్స్, మాథ్యూ డెల్లవెడోవా వచ్చారు. బుక్కు నిండేకొద్దీ ఇలాంటి దార్లు మీకే కనిపిస్తాయి, నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. 2024-25 సీజన్ మొదటిరోజు జట్లలో 43 దేశాలనుంచి 125 మంది ఉన్నారని ఎన్‌బీఏనే ప్రకటించింది, ఆ 125 మందీ ఏ ఏ దారుల్లో వచ్చారో తెలియాలంటే మూడో గడి ఉండాల్సిందే.

కాలేజీ పేర్ల దగ్గర ఇంకో చిక్కు. జెఎన్‌టీయూ అని ఊరికే అంటే కాకినాడా, అనంతపురమా, మన విజయనగరం గురజాడదా అని అడుగుతాం కదా, అక్కడా అంతే. మిషిగన్ వేరు, మిషిగన్ స్టేట్ వేరు. ఇండియానా వేరు, ఇండియానా స్టేట్ వేరు. 1979 కాలేజీ ఫైనల్‌లో మ్యాజిక్ జాన్సన్ మిషిగన్ స్టేట్‌కి, లారీ బర్డ్ ఇండియానా స్టేట్‌కి ఆడారు, ఇందులో ఎక్కడ "స్టేట్" వదిలేసినా వరస తప్పే. మయామీ పేరుతో ఫ్లోరిడాలో ఒక యూనివర్సిటీ, ఒహాయోలో ఒకటి ఉన్నాయి. యూకాన్ అంటే కనెక్టికట్, ఎల్‌ఎస్‌యూ అంటే లూసియానా స్టేట్, యూఎన్‌ఎల్‌వీ అంటే లాస్ వేగస్‌లో ఉన్న నెవాడా యూనివర్సిటీ, పొట్టి పేరు చూడగానే పూర్తి పేరు ఒకసారి వెతికి రాసుకోండి.

ఇంకా కాలేజీలు మారినవాళ్ళు ఉంటారు. లారీ బర్డ్ మొదట ఇండియానాలో చేరి కొద్దిరోజులకే వచ్చేసి తర్వాతే ఇండియానా స్టేట్‌కి వెళ్ళాడు, క్యామ్ జాన్సన్ పిట్స్‌బర్గ్‌లో ఆడి నార్త్ కరోలినాకి మారాడు. సైట్లలో ఎక్కువగా ఆఖరి కాలేజీయే కనిపిస్తాది. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ప్లేయర్లు పేరు నమోదు చేసుకునే ఆన్‌లైన్ జాబితా) వచ్చాక మార్పులు బాగా ఎక్కువైపోయాయి, అందుకని మూడో గడి కాస్త వెడల్పుగా గీసి బాణం గుర్తుతో అన్నీ రాయండి. ఎన్నేళ్ళు ఆడాడో కూడా పక్కన వేయండి, టిమ్ డంకన్ వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్ళు, కర్రీ డేవిడ్సన్‌లో మూడేళ్ళు, కెవిన్ డ్యూరాంట్ టెక్సస్‌లో ఒక్క ఏడాది.

ఆ ఒక్క ఏడాది వెనక ఒక రూల్ ఉంది, అది తెలియకపోతే బుక్కులో సగం గడులు అర్థం కావు. 2005 దాకా హైస్కూల్ అవగానే నేరుగా డ్రాఫ్ట్‌కి రావొచ్చు, కెవిన్ గార్నెట్ 1995లో, కోబీ బ్రయంట్ 1996లో, లెబ్రాన్ 2003లో అలా వచ్చినవాళ్ళే. కోబీ చిన్నప్పుడు ఇటలీలో పెరిగాడు, కానీ హైస్కూల్ ఫిలడెల్ఫియా పక్కన లోయర్ మెరియన్, కాబట్టి అతని గుర్తు హై. 2006 డ్రాఫ్ట్ నుంచి ఆ సంవత్సరంలో 19 ఏళ్ళు నిండాలి, అమెరికా కుర్రాళ్ళకైతే హైస్కూల్ బ్యాచ్ అయ్యి ఒక ఏడాది గడవాలి అని పెట్టారు. ఆ ఏడాది ఎక్కడో ఆడాలి కదా, అందుకే కాలేజీలో ఒక్క ఏడాది ఆడి వచ్చేసేవాళ్ళు పెరిగారు. కాలేజీకి వెళ్ళకుండా వేరే దారి పట్టినవాళ్ళూ ఉన్నారు: లమెలో బాల్ అమెరికా కుర్రాడే అయినా ఆస్ట్రేలియాలో ఇల్లవారా హాక్స్‌కి ఆడి 2020లో మూడో నంబర్‌గా వచ్చాడు, జేలెన్ గ్రీన్ జీ లీగ్ ఇగ్నైట్ అనే టీం నుంచి 2021లో రెండో నంబర్‌గా వచ్చాడు, థాంప్సన్ కవలలు ఓవర్‌టైమ్ ఎలీట్ అనే కుర్రాళ్ళ లీగ్ నుంచి 2023లో నాలుగు, అయిదు. 2021 నుంచి కాలేజీ ప్లేయర్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చని రూల్ మారాక ఇగ్నైట్ అవసరం తగ్గిపోయి 2024లో మూసేశారు, ఇప్పుడు యూరప్ క్లబ్బుల కుర్రాళ్ళే అమెరికా కాలేజీలకి వస్తన్నారు. రష్యా కుర్రాడు ఎగోర్ డ్యోమిన్ రియల్ మాడ్రిడ్ నుంచి బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి వచ్చి 2025లో ఎనిమిదో నంబర్‌గా వెళ్ళాడు, ఇలాంటివాళ్ళకి క్ల, కా రెండు గుర్తులూ పెట్టాలి.

యూరప్ క్లబ్బుల పేర్లు స్పాన్సర్‌ని బట్టి మారిపోతుంటాయి. యోకిచ్ క్లబ్బు ఒకచోట మెగా విజురా, ఒకచోట మెగా లెక్స్, ఒకచోట మెగా బాస్కెట్ అని ఉంటాది, అన్నీ ఒకటే, మూడు క్లబ్బులు అనుకోకండి. డ్రాఫ్ట్ అయిన ఏడాదే ఎన్‌బీఏలో ఆడాలని కూడా లేదు. యోకిచ్‌ని 2014లో 41వ నంబర్‌గా డెన్వర్ తీసుకుంది, వచ్చింది 2015లో. అర్జెంటీనా మాను జినోబిలీని 1999లో 57వ నంబర్‌గా తీసుకున్నారు, శాన్ ఆంటోనియోకి వచ్చి ఆడింది 2002లో. డ్రాఫ్ట్ చేసిన టీం ఒకటి, వెళ్ళిన టీం ఇంకొకటి అవడమూ మామూలే, కోబీని షార్లెట్, డిర్క్ నోవిట్స్కీని మిల్వాకీ, డాన్చిచ్‌ని అట్లాంటా తీసుకున్నాయి, ముగ్గురూ ఆడింది వేరే టీంలకి. అసలు ఎవరూ తీసుకోనివాళ్ళు కూడా పెద్దవాళ్ళయ్యారు, వర్జీనియా యూనియన్ నుంచి వచ్చిన బెన్ వాలెస్ అలాంటివాడే, అక్కడ గడి ఖాళీ వదలకుండా "డ్రాఫ్ట్ కాలేదు" అని రాయండి, లేపోతే తర్వాత మర్చిపోయి రాయలేదేమో అనిపిస్తాది.

మనవాళ్ళ వరసలు రాసేటప్పుడు ఇది బాగా పనికొస్తాది. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లెనుంచి వచ్చిన సత్నామ్ సింగ్ లుధియానాలో నేర్చుకుని ఫ్లోరిడాలో ఐఎంజీ అకాడమీకి వెళ్ళాడు, కాలేజీ లేదు, 2015లో 52వ నంబర్‌గా డల్లాస్ తీసుకుంది, ఇండియాలో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు, ఎన్‌బీఏ మ్యాచ్ మాత్రం ఆడలేదు. సిమ్ బుల్లర్ కెనడాలో పుట్టిన పంజాబీ కుర్రాడు, న్యూ మెక్సికో స్టేట్ కాలేజీ, డ్రాఫ్ట్ కాలేదు, అయినా 2015లో శాక్రమెంటోకి ఆడి ఎన్‌బీఏ కోర్టులో దిగిన మొదటి భారత సంతతి ప్లేయర్ అయ్యాడు. మొదటి భారతీయుడు ఎవరు అని క్విజ్‌లో అడిగితే ఇద్దరి పేర్లూ వస్తాయి, ప్రశ్నలోనే డ్రాఫ్ట్ అయినవాడా, ఆడినవాడా అని తేల్చి అడగండి.

డబ్ల్యూఎన్‌బీఏకి (ఆడవాళ్ళ లీగ్) కూడా ఇదే బుక్కు చాలు, అక్కడ అమెరికా అమ్మాయిలు దాదాపు అందరూ కాలేజీ దారిలోనే వస్తారు, ఎజా విల్సన్ సౌత్ కరోలినా, కెయిట్లిన్ క్లార్క్ ఐయోవా, నాలుగేళ్ళు ఆడి వచ్చినవాళ్ళే. మన ఆడపిల్లలు కోర్టుకి వచ్చే చోట ఈ వరసలు కూడా తప్పకుండా పెట్టండి.

ఇప్పుడున్న టీం గడి ఒక్కటీ పెన్సిల్‌తో రాయండి, మిగతావన్నీ పెన్నుతో. ఫిబ్రవరిలో టీంలు ప్లేయర్లని మార్చుకునే ట్రేడ్ గడువు అయ్యాక ఒకసారి, జూన్ చివర్లో డ్రాఫ్ట్ అయ్యాక ఒకసారి చెరిపి రాసుకోవాలి, డ్రాఫ్ట్ మనకి తెల్లారగట్ల వస్తాది, కొత్తవాళ్ళ వరసలు ఆ పూటే గీసేసుకుంటే అక్టోబర్‌లో సీజన్ మొదలయ్యేసరికి తయారుగా ఉంటాయి.