ఓవర్‌టేక్ లెక్కలా? లారీ ఎక్కి కూర్చోండి

ఒక వాహనం మరోదాన్ని దాటే లెక్కల్లో రెండు సమీకరణాలతో కుస్తీ పట్టనక్కర్లేదు. ముందున్న వాహనంలో కూర్చున్నట్టు ఊహించుకోండి. గంటకు 72 కి.మీ. వేగంతో వచ్చే 12 మీటర్ల బస్సు, 54 కి.మీ. వేగంతో పోయే 18 మీటర్ల లారీని దాటాలి. లారీలోంచి చూస్తే బస్సు వేగాల తేడాతోనే వస్తున్నట్టు ఉంటుంది: గంటకు 18 కి.మీ., అంటే సెకనుకు 5 మీటర్లు. పూర్తిగా దాటాలంటే రెండు పొడవులూ కలపాలి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 30 మీటర్లు, 6 సెకన్లు. ఆలోగా బస్సు రోడ్డుమీద ఎంత దూరం వెళ్లిందని అడిగితే మాత్రం దాని అసలు వేగమే, అంటే సెకనుకు 20 మీటర్లే వాడాలి: 20 × 6 = 120 మీటర్లు.

స్థిర వేగంతో లారీ పక్కనుంచి పోయిన క్షణానే, ఆగి ఉన్న కారు స్థిర త్వరణంతో (వేగం ఒకే తీరున పెరుగుతూ) బయలుదేరిందా? అందుకునేసరికి కారు వేగం లారీకి సరిగ్గా రెట్టింపు, త్వరణం ఎంతైనా సరే.