బర్కీకి తయారీ మే నెలలో మొదలవుతుంది

మాది రెంటచింతల. ఎండలకి పేరుపడ్డ ఊరు. వేసవి వచ్చిందంటే పేపర్లో మా ఊరి పేరు పడేది ఉష్ణోగ్రతల పట్టికలోనే. అక్కడ పుట్టి ఇప్పుడు మినియాపోలిస్ పక్కన మేపుల్ గ్రోవ్‌లో ఉంటున్నాను. మైనస్ ఇరవైలో కాళ్ళకి సన్నటి పలకలు తగిలించుకుని అడవిలో యాభై కిలోమీటర్లు పోతానన్న సంగతి మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకి చెప్పదు. "ఏదో వాకింగ్‌కి వెళ్తుందిలే" అని తేల్చేస్తుంది.

నేను ఈ ఆట, అంటే క్రాస్‌కంట్రీ స్కీయింగ్, మొదలుపెట్టింది నలభై దాటాక. ఈమధ్య ఇక్కడి తెలుగువాళ్ళు కొందరు "అక్కా, బర్కీకి ఎలా తయారవ్వాలి?" అని అడుగుతున్నారు. అడిగేది మాత్రం జనవరిలో, మంచు చూసి హుషారొచ్చాక. అప్పటికి ఆ ఏడాది పని మూడొంతులు అయిపోయి ఉంటుంది.

తెలియనివాళ్ళకి: బర్కీ అంటే అమెరికన్ బర్కబైనర్ అనే స్కీ రేసు. విస్కాన్సిన్‌లో కేబుల్ ఊరి దగ్గర మొదలై హేవర్డ్ మెయిన్ స్ట్రీట్‌లో ముగుస్తుంది. 1973 నుంచి ఫిబ్రవరి చివర్లో జరుగుతోంది. స్కేట్ పద్ధతిలో (స్కేటింగ్‌లా కాళ్ళు పక్కకి తన్నుతూ) అయితే 50 కిలోమీటర్లు, క్లాసిక్ అయితే 53. నాది క్లాసిక్. ట్రాక్‌లో రెండు గాళ్ళు పడి ఉంటాయి, వాటిలో స్కీలు పెట్టి నడక తీరులో జారుకుంటూ పోవాలి. మొదటి ఏడాది అయితే దాదాపు సగం దూరం ఉండే కోర్టెలోపెట్ అనే రేసుకి పేరివ్వండి. నా మాట వినేవాళ్ళు తక్కువ, అయినా చెప్తున్నా.

మే నుంచి ఆగస్టు దాకా చేసేది రోలర్ స్కీ. రెండడుగుల పైచిలుకు అల్యూమినియం కడ్డీ, రెండు చివర్లా చక్రాలు. బ్రేకులు ఉండవు. ఈ చివరి మాట మళ్ళీ చదవండి. మొదటి వేసవిలో రష్ క్రీక్ ట్రెయిల్ మీద ఒక చిన్న పల్లం చూసి "ఇదెంతలే" అనుకున్నాను. కింద మలుపులో కుక్కని పట్టుకుని ఒక పెద్దాయన. ఆయన్ని తప్పించబోయి గడ్డిలోకి దూకితే మోచేయి దగ్గర అరచేయంత చర్మం లేచిపోయింది. అప్పట్నుంచి కొత్త దారైతే ముందు సైకిల్ మీద చూసొస్తాను. గడ్డిలోకి అడుగులు వేస్తూ దిగడం మొదటి వారంలోనే, చదునైన చోట, పదిసార్లు ప్రాక్టీస్ చేయండి. హెల్మెట్, గ్లవ్స్, మెరిసే రంగు చొక్కా తప్పనిసరి. చక్రాలు మరీ వేగంగా తిరిగేవి కొనకండి. నెమ్మదివి కొంటే కండకి పని, ప్రాణానికి భద్రం. ఆ వేసవిలో మా దగ్గరికొచ్చిన అత్తగారు చూసి "కారుందిగా అమ్మా, కాళ్ళకి కూడా చక్రాలెందుకు?" అన్నారు.

అసలు సంగతి ఇప్పుడు. ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే, నేనూ పాడుచేసుకున్నాను. మొదట్లో ఒక ఏడాదంతా ప్రతిరోజూ ఒగర్చుకుంటూ తిరిగేదాన్ని. చెమట పట్టకపోతే, ఆయాసం రాకపోతే ఆ రోజు వృథా అని నా లెక్క. జనవరికి నిద్ర పట్టదు, మెట్లెక్కితే తొడలు బరువు, రేసులో కిందటిసారి కంటే వెనకబడ్డాను. ఈ ఆటలో ప్రపంచస్థాయి వాళ్ళు ఏడాదికి 800 గంటలకి అటూఇటూ శిక్షణ చేస్తారు. అందులో ఐదింట నాలుగు వంతులకి పైనే తేలికపాటి వేగం. మిగతా కొద్దిలోనే ప్రాణం పెడతారు. మనలాంటివాళ్ళు రోజూ మధ్యరకం వేగంతో తిరిగి అటు ఓపికా పెంచుకోం, ఇటు వేగమూ పెంచుకోం.

తేలిక అంటే ఎంత తేలిక? గుండె వేగం కొలిచే బెల్టు ఉంటే మంచిదే. నేను వాడేది పద్యం. చిన్నప్పుడు బడిలో బట్టీపట్టిన కంద పద్యం ఒకటి పైకి చదువుతూ వెళ్తాను. పాదం మధ్యలో ఊపిరి తెగిందా, వేగం తగ్గించాలి. చిన్న ఎత్తు వచ్చినా సరే, నడిచైనా సరే. పక్కనుంచి జాగింగ్ చేసేవాళ్ళు దాటిపోతారు, పోనివ్వండి. ఇలా వారానికి ఐదారు గంటలు, అందులో ఒకటి మాత్రం రెండు గంటలకి పైబడ్డ వారాంతపు విహారం. వారానికి రెండుసార్లు పుల్‌అప్స్, పొట్ట కండల వ్యాయామం. చేతులతో పోల్స్ (స్కీ కర్రలు) గుచ్చి లాగే బలం భుజాల్లోంచి వస్తుందనుకుంటాం, నిజానికి వచ్చేది పొట్టలోంచి. కిందటేడాది నా డైరీలో మొత్తం 312 గంటలు తేలాయి. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, వంట పెట్టుకుని ఇంతకంటే నాకు కుదరదు.

సెప్టెంబర్, అక్టోబర్‌లో వారానికి రెండు గట్టి రోజులు. ఒకరోజు థియోడర్ వర్త్ పార్కులో పోల్స్ పట్టుకుని ఎత్తు మీదికి అంగలు వేయడం: నాలుగు నిమిషాలు ఎక్కడం, మూడు నిమిషాలు దిగడం, ఇలా ఐదుసార్లు. అప్పుడు కోటప్పకొండ మెట్లు గుర్తొస్తాయి, చిన్నప్పుడు నాన్న చేయి వదిలి పరిగెత్తి సగంలో కూలబడేదాన్ని. ఇక్కడా అదే పాఠం. ఐదోసారి కూడా మొదటిసారి ఎక్కినంత దూరమే ఎక్కగలిగితే ఆ రోజు సరిగ్గా చేసినట్టు.

నవంబర్‌లో ఎల్మ్ క్రీక్ పార్కులో మెషిన్లతో మంచు కొడతారు. చిన్న చుట్టు. గానుగెద్దులా దాని మీదే తిరగాలి, రాత్రి దీపాల కింద. విసుగే, కానీ రోలర్ స్కీ మీద పట్టిన చెడు అలవాట్లు వదిలేది ఇక్కడే. చక్రాల స్కీ వెనక్కి జారదు, కాలు ఎలా తన్నినా ముందుకే పోతుంది. మంచు మీద సరిగ్గా తన్నకపోతే కాలు వెనక్కి జారి ముక్కు ముందుకొస్తుంది. మొదటి రెండు వారాలు పోల్స్ లేకుండా సగం సేపు తిరగండి.

డిసెంబర్, జనవరిలో మూడు నాలుగు రేసులు చాలు. బర్కీలో జనాన్ని వేవ్‌ల (గుంపుల) వారీగా వదులుతారు, మొదటిసారి వచ్చేవాళ్ళు చివర్లో ఉంటారు. ముందు రేసుల్లో మంచి టైం వస్తే ముందు వేవ్ దొరుకుతుంది. ముందు వేవ్ అంటే గొప్పకి కాదు, గాళ్ళు అరిగిపోకముందే వెళ్ళొచ్చు.

స్కీలు కొనేటప్పుడు మీ ఎత్తు కంటే బరువు ముఖ్యం. క్లాసిక్ స్కీ విల్లులా మధ్యలో లేచి ఉంటుంది. చదును నేల మీద రెండు స్కీల మీదా సమంగా నిలబడితే, పాదం కింద పెట్టిన కాగితం అటూఇటూ సులువుగా కదలాలి. బరువంతా ఒక కాలి మీద వేస్తే కాగితం కదలకూడదు. ఆ కాగితం కదిలినంత మేరే మీ కిక్ జోన్, అంటే తన్నేటప్పుడు మంచుని పట్టుకునే భాగం, పెన్సిల్‌తో స్కీ పక్కన గీత పెట్టుకోండి. పోల్స్ మీ ఎత్తులో 83 శాతం. నేను 158 సెంటీమీటర్లు, నా పోల్స్ 130.

ఇక వాక్స్, అంటే స్కీ అడుగున పట్టించే మైనం. స్కీ ముందూ వెనకా జారే వాక్స్, మధ్యలో గీత పెట్టిన చోట పట్టుకునే వాక్స్. జారేది ఇస్త్రీపెట్టెలాంటి దానితో కరిగించి పట్టించాలి, కానీ ఇంట్లో ఇస్త్రీపెట్టె వాడకండి. వేడి ఒక్క తీరున ఉండదు, నా మొదటి జత అడుగు అలాగే కాలింది. పొగ వస్తే వేడెక్కువైనట్టు. చేయి ఒకచోట ఆపకూడదు. చల్లారాక ప్లాస్టిక్ పలకతో మొత్తం గీకెయ్యాలి. పట్టించిందంతా గీకెయ్యడమేంటని మా ఆయన అడుగుతాడు. లోపలికి ఇంకిందే పని చేస్తుంది, పైన ఉన్నది ఉత్త బరువు.

పట్టుకునే వాక్స్ కుంకుమ భరిణెంత డబ్బాలో వస్తుంది. బాగా చలైతే నీలం, ఆకుపచ్చ. సున్నా దగ్గరికొస్తే ఊదా, ఎరుపు. ముందు కిక్ జోన్‌ని గరుకు కాగితంతో రుద్ది, దోసె పెనం మీద నూనె రాసినంత పలచగా ఒక పూత వేసి, కార్క్‌తో వేడెక్కేదాకా రుద్దాలి. ఇలా ఐదు పూతలు. ఒకే మందపాటి పూత వేస్తే మంచు ముద్దలు అంటుకుని అడుగు కదలదు. కరిగి మళ్ళీ గడ్డకట్టిన మంచైతే క్లిస్టర్ అని జిగురు ట్యూబు ఉంటుంది. పనసకాయ కోసేవాళ్ళకి చెప్పక్కర్లేదు దాని సంగతి. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకండి, కారు సీటుకి అస్సలు తగలనివ్వకండి. రేసు పొద్దున పది నిమిషాలు తిరిగి చూసి, తన్నినప్పుడు కాలు వెనక్కి జారుతుంటే ఇంకో పూత వేసుకోండి. ఫ్లోరిన్ కలిసిన ఖరీదైన వాక్స్‌ని అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023–24 సీజన్ నుంచి నిషేధించింది, బర్కీలోనూ వాడకూడదు. మన జేబుకి మంచిదే.

బట్టల గురించి ఒకటే: బయల్దేరేటప్పుడు చలి వేయాలి. వేయకపోతే ఎక్కువ వేసుకున్నట్టు. మగవాళ్ళకి ముందువైపు గాలి ఆపే లోదుస్తులు విడిగా దొరుకుతాయి. నవ్వకండి, మా ఆయన నవ్వి ఒక జనవరిలో అనుభవించాడు.

తిండి విషయంలో నా తప్పు పల్లీ చిక్కి. మైనస్ పద్దెనిమిదిలో జేబులోంచి తీసి కొరికితే గులకరాయి. ఏది తీసుకెళ్ళినా ఒంటికి ఆనుకునే పొరలో పెట్టుకోండి. నీళ్ళ సంచి గొట్టం గడ్డకడుతుంది, తాగాక నోటితో ఊది నీళ్ళు వెనక్కి పంపాలి. గంటకి 60 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలి, ఆకలి వేసేదాకా ఆగితే అయిపోయినట్టే. ముందురోజు రాత్రి నాకు పులిహోర, మిరపకాయలు తగ్గించి. పప్పు, పెరుగు వద్దు, అది నా కడుపు లెక్క. ఆడవాళ్ళు, ముఖ్యంగా శాకాహారులు, వేసవిలోనే ఒకసారి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష చేయించుకోండి. నేను ఒక సీజన్ మొత్తం బద్ధకం అనుకున్నది ఐరన్ లోపం.

ఇంకో చిక్కుంది, మనవాళ్ళకి మాత్రమే వచ్చేది. బర్కీ, శివరాత్రి తరచూ పక్కపక్కనే పడతాయి. నా మొదటి బర్కీ 2020లో. ఫిబ్రవరి 21 శుక్రవారం శివరాత్రి, మర్నాడే రేసు. ఉపవాసం, జాగారం రెండూ చేసి యాభై పైచిలుకు కిలోమీటర్లంటే అంబులెన్సే. అమ్మకి ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీ బదులు నేనుంటాలే, నువ్వు తిని పో" అంది.

రేసు రోజు మొదటి మూడు కిలోమీటర్లు జనం ఊపులో కొట్టుకుపోకండి. పవర్‌లైన్ కింద ఎత్తుపల్లాలు వరసగా వస్తాయి, అక్కడే కండ ఖర్చు పెట్టేవాళ్ళు ఫైర్ టవర్ కొండ దగ్గర నిలబడిపోయి కనిపిస్తారు. దాదాపు సగం దారిలో వచ్చే డబుల్ ఓ అనే రోడ్డు దగ్గరికి వచ్చేసరికి కూడా పద్యం చెప్పగలిగే స్థితిలో ఉండాలి. నలభై దాటాక ఒక నిటారు కొండ వస్తుంది, దాని పేరు ఇక్కడ రాయలేను. పిచ్చి వేషాలేసుకున్న జనం గంటలు మోగిస్తూ అరుస్తుంటారు, సిగ్గుపడకుండా స్కీలు హెరింగ్‌బోన్‌గా, అంటే చేపముల్లులా విప్పి నడవండి. ఆ తర్వాత హేవర్డ్ సరస్సు. చదునుగా ఉంటుంది, ఎదురుగాలి ఉంటుంది, ఊరు కనిపిస్తూనే దగ్గరికి రాదు. మీ వేగంతో పోయేవాళ్ళ వెనక చేరి, వంతులవారీగా ముందుండి ఒకరికొకరు గాలి కాయండి.

అన్నీ చేసినా వాతావరణం మన చేతిలో ఉండదు. 2017లో వాన, వెచ్చదనం వల్ల రేసే రద్దయింది. 2024లో సహజ మంచు లేక, చేసిన మంచుతో వేసిన 10 కిలోమీటర్ల చుట్టు మీద తిప్పారు. అదే ఫిబ్రవరిలో వర్త్ పార్కులో స్కీ ప్రపంచ కప్ జరిగింది. పురుషుల 10 కిలోమీటర్లలో అమెరికా కుర్రాడు గస్ షూమాకర్ గెలిచినప్పుడు నేను తాడు అవతల జనంలో ఉన్నాను, రెండు రోజులు గొంతు లేదు.

మార్చిలో మనసుకి నచ్చినట్టు తిరగండి, డైరీ వద్దు. ఏప్రిల్‌లో స్కీలకి మెత్తటి వాక్స్ మందంగా పట్టించి, గీకకుండా అలాగే గరాజ్‌లో ఎండ తగలని మూల నిలబెట్టండి. గీకేది నవంబర్‌లో. పక్కనే రోలర్ స్కీల చక్రాలు తిప్పి చూడండి, బేరింగ్ గరగరలాడితే అప్పుడే ఆర్డర్ పెట్టండి. మే మొదటివారానికి రావాలి కదా.