జర్మన్ షెపర్డ్ మెత్తబడి పడుకుందా? ముందు గోమార్లు, తర్వాత గోడ

నల్గొండ బత్తాయి తోటల్లో, పాలమూరు చెలకల్లో కాపలాకు పెంచే జర్మన్ షెపర్డ్ తిండి మానేస్తే అందరూ చెప్పే మాట ఒకటే: "ఎండకు అట్లైంది." 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ జర్మనీలో గొర్రెల కుక్కల నుంచి నిలబెట్టిన జాతి ఇది. మంద పక్క చేనులో పడకుండా పొద్దంతా గట్టు వెంట తిరగడమే దాని పని. అలాంటిది గేటు చప్పుడైనా తల ఎత్తడం లేదంటే దాన్ని బద్ధకం అనుకోవద్దు, ఎండ అని వదిలేయొద్దు. ముందు గోమార్లు వెతకండి.

లక్షణం: తినదు, లేవదు, వెనక కాళ్లు ఈడుస్తుంది

వీపు మీద చెయ్యి వేసి "గోమార్లు లేవు" అనకండి. అవి ఉండేది చెవి లోపలి మడతల్లో, వేళ్ల సందుల్లో, బెల్టు కింద, తోక మొదట్లో. అక్కడ వేలితో తడిమి చూడండి. తర్వాత థర్మామీటర్ పెట్టండి. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. 103 దాటి, ఒంటి మీద గోమారి దొరికితే టిక్ ఫీవర్ (గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) అనే అనుమానించి పశువుల దవాఖానకు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. ముక్కు నుంచి రక్తం కారినా, పొట్ట మీద ఎర్రచుక్కలు కనిపించినా ఆ పూటే బయలుదేరండి. ఈ జాతిలో జబ్బు ముదిరితే మిగతావాటి కంటే గట్టిగా పడుతుంది. మన జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు వేయొద్దు.

డాక్టర్లు సాధారణంగా రాసేది డాక్సీసైక్లిన్, కిలోకు రోజుకు 10 మి.గ్రా. ముప్పై కిలోల కుక్కకు 300. తిండి తిన్నాకే ఇవ్వాలి, పాలతో ఇవ్వొద్దు. మూడు రోజుల్లో లేచి తిరుగుతుంది. కోర్సు మాత్రం 28 రోజులు. వారానికే ఆపేస్తే జబ్బు లోపల దాక్కుంటుంది.

లక్షణం: కోర్సు అయింది, రెండు నెలలకు మళ్లీ అదే జ్వరం

మందు పని చేయలేదని డాక్టర్ని మారుస్తారు. మారాల్సింది కొట్టం. కుక్క గోమారి పిల్లగా రక్తం తాగి రాలిపోతుంది, గోడ సందులో తోలు మార్చుకుని మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. ఆడది చివరికి గోడ పగుల్లో వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. అంటే ఒంటి మీద మీకు కనిపించేవి కొన్నే. ఒకసారి వచ్చిపోయిన జబ్బు మళ్లీ రాకుండా ఆపదు కూడా.

రాత్రి టార్చ్ పట్టుకుని చూడండి. నేల కంటే పైనే ఎక్కువ దొరుకుతాయి: రేకుల కింద దూలం మీద, తలుపు చౌకట్టు వెనక, షాబాదు బండల అతుకుల్లో. బండ అంచులో పుల్ల దూర్చి గీకితే మెంతిగింజల్లాంటివి రాలుతాయి. సున్నం కొడితే సరిపోదు, సందులు సిమెంటుతో పూడ్చాలి. కుక్కనూ గిన్నెలనూ బయటపెట్టి, డెల్టామెత్రిన్ అనే పురుగుమందును డబ్బా మీద గోడలకు రాసిన పాళ్లలో కలిపి పైనుంచి కిందికి పిచికారీ చేయండి. ఆరాకే కుక్కను లోపలికి తేవాలి. గుడ్లకు మందు అంతగా పని చేయదు కాబట్టి పదిహేను రోజులకోసారి, కనీసం నాలుగుసార్లు కొట్టాలి. అందరూ ఎగ్గొట్టేది రెండోసారే. పిల్లులకూ చేపలకూ ఆ మందు విషం. కుక్కకు గోమార్లను చంపే మాత్ర అఫాక్సోలానర్ నెలకోసారి, లేదా ఫ్లురలానర్ పన్నెండు వారాలకోసారి డాక్టర్‌ను అడిగి ఇవ్వండి. మూర్ఛ ఉన్న కుక్కకైతే ఆ సంగతి ముందే చెప్పండి.

లక్షణం: గోమార్లకు సూది వేశాక తూలుతుంది, జొల్లు కారుస్తుంది

గొర్రెలకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ కుక్కకూ పొడిచారన్నమాట. గొర్రెల కుక్కల జాతుల్లో కొన్నింటికి ఎండీఆర్1 జన్యులోపం ఉంటుంది. కాలీ అనే జాతిలో ఎక్కువ, జర్మన్ షెపర్డ్‌లలో కొన్నింటికి. ఆ లోపం ఉంటే మందు మెదడులోకి దూరుతుంది. విరుగుడు లేదు, ఎంత తొందరగా దవాఖానకు చేరిస్తే అంత మేలు.

మిగతావి

మిట్టమధ్యాహ్నం విపరీతంగా రొప్పుతూ 105 దాటితే అది నిజంగానే వడదెబ్బ. పొట్ట, తొడలు తడిపి ఫ్యాను కింద పెట్టి, ఆ వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. బొచ్చు గొరిగించొద్దు, లోపలి పొర ఎండను ఆపుతుంది. ఎంత తిన్నా బక్కగానే ఉండి పాలిపోయిన రంగులో కుప్పలుగా విరేచనం చేస్తే క్లోమం సంగతి, అరుదు. తుంటి ఎముక లోపం ఉంటే జ్వరం ఉండదు, ఎక్స్‌రేలో తేలుతుంది.