బ్రష్ కట్టర్ ట్యాంకు కారుతోందా? ఎంసీల్ పెట్టే ముందు రబ్బరు బుష్ చూడండి

వానలు పడి గట్ల మీద గడ్డి లేచిందంటే చాలు, మా రిపేరు షెడ్డు ముందు గడ్డి కోసే బ్రష్ కట్టర్లు వరుస కడతాయి. వాటిలో చాలావాటికి ఒకటే ఫిర్యాదు: "ట్యాంకు పగిలిందండీ, పెట్రోలు కారిపోతోంది." తిరగేసి చూస్తే అడుగు అతుకు మీద ఎంసీల్ ముద్ద, దాని మీద ఫెవిక్విక్, ఆపైన చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క. అదంతా గీకేస్తే లోపల ప్లాస్టిక్ నిక్షేపంగా ఉంటుంది. పగులే ఉండదు. ట్యాంకుని ఒక్కసారి పొడిగా తుడిచి, చుక్క ఎక్కడ పుడుతోందో చూస్తే ఈ ముద్దలేవీ అక్కర్లేదు. ఆ ఒక్క పనే ఎవరూ చెయ్యరు.

ఇక్కడ రాస్తున్నది మన దగ్గర ఎక్కువగా వాడే 43 సీసీ, 52 సీసీ టూ స్ట్రోక్ మిషన్ల గురించి, 35 సీసీ ఫోర్ స్ట్రోక్ వాటి గురించి. రబ్బరు బుష్ గుండా ట్యాంకులోకి పైపులు దిగే ఏ చిన్న ఇంజనుకైనా ఇదే పద్ధతి.

చుక్క పుట్టే చోటు

ఇంజను పూర్తిగా చల్లారాక ప్లగ్ క్యాప్ పీకి, మిషన్‌ని గాలి ఆడే నీడలో పెట్టండి. తుడిచే ముందు ట్యాంకు మీది జిడ్డుని ఒక్క నిమిషం గమనించండి. టూ స్ట్రోక్‌లో పెట్రోలు ఆవిరైపోయినా అందులో కలిపిన 2టీ ఆయిల్ మిగిలిపోతుంది. దానికి దుమ్ము అంటుకుని నల్లటి చార పడుతుంది. మీకు కావలసింది ఆ చార కింది కొస కాదు, పై కొస. ఫోర్ స్ట్రోక్‌లో పెట్రోలుకి ఆయిల్ కలపరు కనక చార మిగలదు. వాటికి ట్యాంకుని శుభ్రంగా తుడిచి టాల్కం పౌడరు పల్చగా రాయండి, తడి నడిచిన దారి కనబడుతుంది.

తర్వాత, ఎప్పుడు కారుతోందో చూడండి. ట్యాంకు నిండా ఉంటే కారి, సగానికి దిగాక ఆగిపోతోందా? అయితే లీకు పైనుంది. అడుగున పగిలిన ట్యాంకు సగం ఉన్నా కారాలి, ఆఖరి చుక్క దాకా కారాలి. నిలబెడితే కారకుండా భుజాన వేసుకుని పక్కకి వంచితేనే కారుతోందా? మూత లోపలి వాషరైనా అయ్యుండాలి, బుష్ అయినా అయ్యుండాలి. వాషరు గట్టిపడి పగుళ్లిస్తే మార్చెయ్యండి, మూత మర అడ్డంగా ఎక్కిందేమో చూసుకోండి. ఎండలో ఉంచితేనే కారుతోందంటే మూతకుండే గాలి దారి పూడిపోయింది, పైగా బుష్ బలహీనంగా ఉంది. నీడలో, నిలబెట్టి, అడుగున కాస్త పెట్రోలు ఉన్నప్పుడు కూడా కారుతుంటేనే ట్యాంకుని అనుమానించండి.

అసలు దొంగ: పైపులు దిగే బుష్

ట్యాంకు పైభాగంలో, ఇంజను కింద సరిగ్గా కనబడని చోట, బొటనవేలి కొసంత రబ్బరు బుష్ ఒకటి ఉంటుంది. స్పేర్ల షాపులో గ్రోమెట్ అని అడగండి. రెండు సన్న పైపులు దాని గుండానే లోపలికి దిగుతాయి. ఒకటి ఫిల్టరు నుంచి కార్బొరేటర్‌కి పెట్రోలు లాగేది, రెండోది ప్రైమర్ బల్బు (స్టార్టు చేసే ముందు నొక్కే చిన్న రబ్బరు బుడగ) నొక్కినప్పుడు ఎక్కువైన పెట్రోలుని వెనక్కి తెచ్చేది. పెంకుటింట్లో వాన ఒక చోట దిగి, వాసం వెంట జారి, వేరే మూలన చుక్క పడుతుంది చూడండి, ఇదీ అంతే. బుష్ దగ్గర ఊరిన పెట్రోలు ట్యాంకు గోడ పట్టుకుని జారి, అడుగు అతుకు దగ్గర ఆగి, అక్కణ్ణుంచి రాలుతుంది. చూసేవాళ్లకి అతుకే విచ్చినట్టుంటుంది.

నన్ను బాగా తిప్పలు పెట్టింది కూడా ఇదే. బల్ల మీద పెడితే చుక్క రాదు. పొలంలో గంట నడిస్తే ట్యాంకంతా తడి. బల్ల మీద అదురు లేదు, వేడి లేదు, వంపు లేదు, కారడానికి కారణమేముంది? ఇంజను తిరుగుతుంటే పైపులు సన్నగా ఊగుతూనే ఉంటాయి. రబ్బరు మెత్తగా ఉన్నన్నాళ్లూ వాటితో పాటే సాగుతుంది. గట్టిపడ్డాక పైపుకీ రబ్బరుకీ మధ్య వెంట్రుకంత సందు తెరుచుకుంటుంది, ఇంజను ఆపగానే మూసుకుంటుంది.

గట్టిపడడానికి పెద్ద కారణం మనం మిషన్ దాచే తీరు. సీజనంతా పెట్రోల్లో నానిన రబ్బరు కాస్త ఉబ్బుతుంది. సీజను అయిపోయాక ట్యాంకు ఎండబెట్టి నెలల తరబడి మూలన పడేస్తే రబ్బరు కుంచించుకుని బిరుసెక్కుతుంది. దీనికి ఇథనాల్ తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దేశంలో 2023లో బంకుల్లోకి రావడం మొదలైంది, 2025 నాటికి దాదాపు అంతటా అదే దొరుకుతోంది. దాన్ని దృష్టిలో పెట్టుకుని చెయ్యని పాత రబ్బర్లు త్వరగా పాడవుతాయి.

పరీక్ష తేలిక. ట్యాంకు ముప్పావు వంతు నింపి మూత బిగించండి. బుష్ ఉన్న వైపు కిందకి వచ్చేలా మిషన్‌ని వంచి, కింద పాత పేపరు పరిచి పావుగంట వదిలెయ్యండి. తర్వాత పైపుల్ని వేలితో అటూ ఇటూ కదపండి. బుష్ మొదట్లో తడి మెరిస్తే దొంగ దొరికినట్టే. ఇంకా అనుమానం ఉంటే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, సూది లేని పెద్ద సిరంజితో ఆ పైపు గుండా మెల్లగా గాలి తొయ్యండి. రెండో పైపు చివర వేలితో మూసి, బుష్ చుట్టూ సబ్బునీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. పంక్చరు షాపు కంప్రెసర్ గాలి మాత్రం పెట్టొద్దు, మంచి ట్యాంకు కూడా చీలిపోతుంది.

బుష్ మార్చేటప్పుడు పైపులు కూడా మార్చండి. బుష్ పాడైన వయసుకి పైపులూ పాడయ్యే ఉంటాయి. అందులోనూ లాగే పైపుకి బుష్ పక్కన సన్న చీలిక ఉంటే అక్కణ్ణుంచి గాలి కూడా లాగుతుంది, ఇంజను దానంతటది రేస్ అవుతుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలుతోనే ఆయిల్ వెళ్తుంది కనక, పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. చిన్న రబ్బరు ముక్క ఖర్చుకి వెనకాడితే ఇంజనే పోతుంది.

కొత్తవి కొనేటప్పుడు పాత బుష్, పాత పైపు ముక్క చేత్తో పట్టుకెళ్లి కొలత కలపండి. "ఇదీ పడుతుందిలే" అని ఇస్తే తీసుకోవద్దు. పైపు కొసని ఏటవాలుగా, పెన్సిలు ములికిలా కొయ్యండి. దానికి కాస్త 2టీ ఆయిల్ రాసి బుష్ రంధ్రంలో దూర్చి, అవతలి వైపు నుంచి నోస్ ప్లయరుతో లాగండి. లాగాక ఏటవాలు ముక్క కోసెయ్యండి. ఫిల్టరు తగిలించి, అది ట్యాంకు అడుగు మూలకి చేరేంత పొడవు లోపల వదలండి. చివరగా బుష్‌ని ట్యాంకు రంధ్రంలో కూర్చోబెట్టి, దాని గాడి చుట్టూతా అంచుని పట్టిందో లేదో గోటితో తడిమి చూడండి. ఒక పక్క మడత పడినా మళ్లీ కారుతుంది. పైన సిలికాన్ పుయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. మామూలు సిలికాన్ పెట్రోల్లో ఉబ్బి ఊడిపోతుంది, దాని తునకలు ఫిల్టర్లో చేరతాయి.

మూత గాలి దారి కూడా అప్పుడే చూడండి. అది పూడితే నడుస్తున్న ఇంజను కాసేపటికి ఆగిపోతుంది, మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి వెళ్తుంది, మళ్లీ స్టార్టవుతుంది. ఎండలో ఉంచితే లోపలి ఆవిరి బయటికి పోయే దారి లేక బుష్ పక్కనుంచి పెట్రోలుని తోస్తుంది. మూతని పెట్రోల్లో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడగండి. సూదితో పొడిస్తే లోపలి చిన్న వాల్వు చిరుగుతుంది. మూతకి మేకుతో కొత్త కన్నం పెట్టేవాళ్లున్నారు, మిషన్ వంచగానే అక్కణ్ణుంచి కారుతుంది.

నిజంగానే ట్యాంకు పగిలితే

ఎక్కువగా స్టాండు రాసుకునే చోటా, బోల్టు చెవుల దగ్గరా చీలుతుంది. ఈ ట్యాంకుల్లో చాలావరకు పాలిథిన్ జాతి ప్లాస్టిక్. అడుగున త్రిభుజంలో 2 అంకె ఉంటే అదే. దాని మీద ఎంసీల్, ఆరల్‌డైట్, ఫెవిక్విక్ ఏదీ పట్టదు. పైకి రాయిలా గట్టిపడుతుంది, కింద పెట్రోలు పాకి ముద్ద మొత్తం ఊడి వస్తుంది. తప్పు ఆ మందుది కాదు, అది ఈ ప్లాస్టిక్ కోసం చేసింది కాదు.

నా మాట వింటే కొత్త ట్యాంకు కొనండి, కొన్ని వందల్లో అయిపోతుంది. మీ మోడల్‌కి దొరకనప్పుడే అతుకు. ఇది ఆటలు కాదు: ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకి అంటుకుంటుంది, ఖాళీ ట్యాంకులో సరిగ్గా ఆ పాళ్లు కుదరొచ్చు. బట్టల పౌడరు నీళ్లతో పలుసార్లు కడిగి, మూతా బుష్షూ తీసి, వాసన పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి బయట ఆరబెట్టండి. వాసన ఉంటే పని మొదలుపెట్టొద్దు. చీలిక రెండు కొసల్లో సన్న రంధ్రం వేస్తే అది ఇక పాకదు. చీలిక వెంట గాడి తీసి, అదే 2 అంకె ఉన్న ప్లాస్టిక్ డబ్బా నుంచి కోసిన పట్టీని సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి అందులో కలపండి. పొగ వస్తోందంటే ప్లాస్టిక్ కాలుతోంది, వేడి తగ్గించండి. చల్లారాక ముందు నీళ్లు పోసి చూడండి, తర్వాతే పెట్రోలు. చీలడానికి కారణమైన స్టాండు రబ్బరు మార్చకపోతే పక్కనే మళ్లీ చీలుతుంది.

మిగతావి అరుదు. ప్రైమర్ బల్బు ఎండకి పగిలి ట్యాంకు మీదికి కారవచ్చు, నొక్కి చూస్తే తెలిసిపోతుంది. ఎయిర్ ఫిల్టరు తడిసి ఉంటే అది కార్బొరేటర్‌లో పెట్రోలుని ఆపే నీడిల్ సంగతి, ట్యాంకు జోలికి వెళ్లకండి. పైపు మీద పంటి గాట్లుంటే షెడ్డులో ఎలుకలున్నాయి, పైపు మార్చి మిషన్‌ని పైన తగిలించండి.