చేత్తో కొట్టిన పెట్రోల్ ట్యాంకు: వెల్డు దగ్గర పల్లం, సూదిబెజ్జం లీకు

1.2 ఎంఎం సీఆర్‌సీ రేకుతో (చల్లగా రోల్ చేసిన ఉక్కు రేకు) చేసిన ట్యాంకు. టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ మొనతో, ఆర్గాన్ గ్యాస్ రక్షణలో చేసే వెల్డింగ్) అయ్యాక నడుమ అతుకు వెంబడి రేకు లోపలికి గుంజుకుపోయింది. వెల్డు చల్లారుతూ ముడుచుకుంటుంది, పక్క రేకును లాగేస్తుంది. దీన్ని పుట్టీతో కప్పొద్దు. రేకునే సాగదీయాలి, అదీ అడుగు రేకు మూయకముందే.

వెల్డు ఉబ్బును గ్రైండర్‌తో సగానికి పైగా దించాను. లోపల్నుంచి గుండ్రటి డాలీని (సుత్తి దెబ్బకు వెనక ఆనించే ఇనప దిమ్మ) గట్టిగా ఆనించి, నున్నటి సుత్తితో వెల్డు మీదే తేలికపాటి దెబ్బలు వేసుకుంటూ పోయాను. కంటికి ఆనని పల్లం అరచేతికి తెలుస్తుంది, నాలుగైదు దెబ్బలకోసారి తడమాలి. పక్క రేకును కొడితే పల్లం ఇంకా పెరుగుతుంది. మిగిలిన అతుకులకు అంగుళానికో టాక్ (చిన్న చుక్క వెల్డు) పెట్టి, 45 ఆంపియర్ల దగ్గర, ఒకచోట కొంత, ఎదురుగా కొంత కలిపాను. గుంజుడు బాగా తగ్గింది.

లీకు పరీక్షకు సైకిల్ పంపు, సబ్బు నీళ్లు చాలు. గాలి ఒత్తిడి 3 పీఎస్ఐ దాటితే చదును పక్కలు ఉబ్బిపోతాయి, కాబట్టి కంప్రెసర్ వద్దే వద్దు. బుడగలు ట్యాప్ బుష్ (పెట్రోల్ ట్యాప్ బిగించే మరల ముక్క) చుట్టూ వచ్చాయి: బుష్ మందం, రేకు పలచన, పైగా రేకుకు నూనె. బెజ్జం మీద మళ్లీ కరిగిస్తే నూనె ఉడికి ఇంకో బెజ్జం పడుతుంది. మెరిసే లోహం కనిపించేదాకా తవ్వి, అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, ఆర్క్‌ను బుష్ వైపే ఎక్కువ ఉంచి నింపాను. పెట్రోల్ పోసి చూసిన ట్యాంకు మీద మాత్రం ఈ పని చేయకండి, ఆవిరి అంటుకుని పేలుతుంది.